జగన్నాధం గారి రెండోది

జగన్నాధం గారి లెక్కలో ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే అది లేనట్టే. రెండుంటే ఒకటి ఉన్నట్టు. మూడుంటే ఆయన కాస్త స్థిమితంగా కూర్చుని కాఫీ తాగుతారు, అదీ రెండు గ్లాసుల్లో పోయించుకుని.

జేబులో రెండు పెన్నులు. ముక్కు మీద ఒకటి, మెడలో ఒకటి, రెండు కళ్లజోళ్లు. సంచిలో రెండు టార్చిలైట్లు, రెండు తువ్వాళ్లు, రెండు గొడుగులు. ప్యాంటుకి బెల్టుంటుంది, అది తెగితే ఆదుకోవడానికి లోపల మొలతాడుంటుంది. చేతికొకటి చొప్పున రెండు గడియారాలు. రెండూ రెండు టైములు చూపిస్తే ఏం చేస్తారని భావనపాడు మత్స్యకారుల సొసైటీ ప్రెసిడెంటు గణపతిరావు ఒకసారి ఎకసెక్కంగా అడిగాడు. జగన్నాధం గారు నొచ్చుకోలేదు. చొక్కా జేబులోంచి మూడో గడియారం తీశారు.

"రెండూ తగువు పడితే తీరుపు సెప్పడానికి ఇది ఉన్నాది కదా," అన్నారు.

టెక్కలి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై నాలుగేళ్లు పనిచేయడం వల్ల పట్టుకున్న జబ్బిదని ఊళ్లో కొందరంటారు. కాదు, పుట్టుకతోనే ఉందని ఆయన భార్య ధనలక్ష్మి గారంటారు. ఏదైతేనేం, "ఒకటి పోతే?" అన్నది ఆయనకి ఊతపదం. బస్సెక్కితే స్టెప్నీ టైరు ఉందా అని కండక్టరుని అడిగి గాని సీట్లో కూర్చోరు. రామతీర్థం వెళ్తే రాములవారికి రెండు కొబ్బరికాయలు, ఒకటి కుళ్లిపోతే? మరి పెళ్లి ఒక్కటే చేసుకున్నారేం అని ఎవరో ఆటపట్టిస్తే మాత్రం ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "ధనలక్ష్మి పోతే నేనూ పోతాను. ఇంక రెండోదానితో పనేటి?"

ఇలాంటి మనిషి చేతిలో పడింది భారతి. పడింది అనడం కూడా తప్పే, కోరి తెచ్చుకుంది.

భారతి ఆ సొసైటీకి సెక్రటరీ. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసిన పిల్ల. తండ్రి జోగయ్య బోటు నడుపుతాడు. నాలుగేళ్ల కిందట తుపాను వచ్చినప్పుడు, ఏ బోటు వేటకెళ్లింది, అందులో ఎవరెవరు ఎక్కారు అని రాసుకునే సొసైటీ పుస్తకం తడిసి ముద్దయిపోయింది. ఎవరు సముద్రంలో ఉన్నారో, ఎవరు ఒడ్డెక్కారో చెప్పే నాథుడు లేడు. రెండు రోజులు జోగయ్య తల్లి జగ్గమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మూడో రోజు జోగయ్య ఒడిశా బస్సు దిగి తాపీగా నడుచుకుంటూ వచ్చి, ఆకలేస్తోంది కూడు పెట్టమన్నాడు. అంతా నవ్వారు, ఏడ్చారు. భారతి మటుకు ఆ రెండు రోజులూ మర్చిపోలేదు. ఈ ఊళ్లో ఏ ఇల్లూ మళ్లీ అలా కూర్చోకూడదని గట్టిగా అనుకుంది.

అందుకని ప్రతి బోటు పేరూ, ఎక్కిన మనుషులూ, వాళ్ల ఫోను నంబర్లూ, వెళ్లిన వేళా, తిరిగొచ్చిన వేళా కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెట్టింది. ఆఫీసులో ఉన్న ముసలి కంప్యూటరు ఎండొస్తే పడుకునేది, వానొస్తే అసలు లేచేది కాదు. వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని తిరగ్గా తిరగ్గా చివరికి ఒక మంచి సర్వరు కొనడానికి మంజూరు వచ్చింది. ఒక్కటంటే ఒక్క సర్వరుకే. ఏప్రిల్లో మొదలైన వేట నిషేధం జూన్ పదిహేనుకి ఎత్తేస్తారు, ఆ తెల్లవారే బోట్లన్నీ నీళ్లలో ఉంటాయి. ఈలోగా మిషను సిద్ధం కావాలి. శ్రీకాకుళంలో నాలుగు షాపులు తిరిగితే నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. అప్పుడే ఎవరో జగన్నాధం గారి పేరు చెప్పారు. రిటైరయ్యాక ఇలాంటి పనులు ఊరికే చేసిపెడతారని, మధ్యాహ్నం చేపల పులుసు పెడితే చాలని, రెండుసార్లు వడ్డించాలని కూడా చెప్పారు.

మే నెల మిట్టమధ్యాహ్నం ఆయన బస్సు దిగారు. ఎదురెళ్లిన భారతి నెత్తి మీద చున్నీ తప్ప ఏమీ లేదు. ఆయన సంచిలోంచి గొడుగు తీసి ఆమె చేతిలో పెట్టారు. వద్దు సార్, మీకెలా అంది.

"తీసుకోమ్మా. నా దగ్గర ఇంకోటున్నాది."

నిజంగానే ఇంకోటి తీసి విప్పుకున్నారు. సాయంత్రం తిరుగు బస్సెక్కేటప్పుడు మాత్రం ఆయన చేతిలో ఆ రెండో గొడుగు లేదు. పెద్దాయన కదా, ఎక్కడో మర్చిపోయుంటారనుకుంది భారతి. మర్నాడు రేవులో ఎండలో ఎండుచేపలమ్ముకునే జగ్గమ్మ నెత్తిన కొత్త నల్ల గొడుగుంటే, నాయనమ్మ సంతలో కొనుక్కుందేమో అనుకుంది.

గణపతిరావు అప్పటికే ఒక మిషను ఎంచి పెట్టాడు. ముందు అద్దం, లోపల ఎరుపూ పచ్చా నీలం రంగుల్లో తిరిగే దీపాలు. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలు చూస్తే కళ్లు చెదరాలన్నది ఆయన పట్టు. జగన్నాధం గారు దాని బొమ్మని రెండు కళ్లజోళ్లతోనూ మార్చి మార్చి చూసి, ఇది బోట్ల లెక్కకా, దీపావళికా అని అడిగారు. గణపతిరావు ముఖం మాడ్చుకున్నాడు. ప్రాసెసరు పెద్దది కదా అన్నాడు.

అప్పుడు జగన్నాధం గారు జగ్గమ్మని పిలిచి, బేరగాడు అడగ్గానే చేప ఎక్కడనుంచి తీసిస్తావని అడిగారు. బుట్టలోంచి అందావిడ. బుట్టలో లేకపోతే? ఐసు గదికెళ్లి తెస్తాను, ఈలోగా బేరం పక్కదాని దగ్గరికి పోతాది అంది. జగన్నాధం గారు గణపతిరావు వైపు తిరిగారు. ర్యామ్ అంటే ఆ బుట్ట, డిస్కు అంటే ఆ ఐసు గది. లెక్కలన్నీ బుట్టలోనే పట్టేటంత ర్యామ్ ముందు కొనాలి, డిస్కులు నమ్మకమైనవి కొనాలి, ప్రాసెసరు ఓ మోస్తరుది చాలు. చేతులెంత చురుకైనవైనా ప్రతి చేపకీ ఐసు గదికి పరిగెత్తితే లాభమేమిటి అని వివరించారు. జగ్గమ్మ ఈ విషయం తనకి యాభై ఏళ్లుగా తెలుసంది.

అక్కడినుంచి మొదలైంది భారతి అవస్థ. సర్వరుకి కరెంటిచ్చే సప్లై ఒకటి చాలదా? ఒకటి పోతే? రెండు పెట్టించారు. రెంటి వైర్లూ ఒకే బోర్డులో పెట్టబోతే భారతి చెయ్యి పట్టుకుని ఆపారు. బోర్డు పోతే? రెండు బోర్డులు, రెండు లైన్లు, రెండు యూపీఎస్‌లు. డిస్కులు రెండు, ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ అచ్చంగా రాసేటట్టు. ఆ రెండూ ఒకే షాపులో కొనడానికి ఒప్పుకోలేదు. ఒకే రోజు ఒకే కార్ఖానాలో పుట్టినవి ఒకే రోజు పోయే ప్రమాదముందట. ఒకటి శ్రీకాకుళంలో కొని, రెండోదానికోసం ఆమెను విజయనగరం దాకా తిప్పారు. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ బస్సులో భారతి ఆయన్ని మనసులో నానా మాటలూ అంది. పక్కన కూర్చున్న ఆయన మాత్రం తెచ్చుకున్న రెండు పొట్లాల జంతికల్లో ఒకటి ఆమెకిచ్చి, రెండోది వెనక సీట్లో ఏడుస్తున్న పసిపిల్లకిచ్చారు.

మిషను ఎక్కడ పెట్టాలన్న దగ్గర మరో పేచీ. ఆఫీసుకి సముద్రం వైపు పెద్ద కిటికీ ఉంది. రాత్రింబవళ్లు చల్లగాలి. తాతల నాటినుంచి ఆ గాలికి పడుకుని బతికిన మనుషులు, మిషనుకి చల్లదనం కావాలనగానే తిన్నగా తీసుకెళ్లి ఆ కిటికీ కింద బల్ల వేశారు. ఏసీ ఎందుకు, సముద్రం ఊరికే ఇస్తుంటే అన్నాడు గణపతిరావు. భారతికీ అది సబబుగానే తోచింది. జగన్నాధం గారు ఏమీ వాదించలేదు. జేబులోంచి రెండు కొత్త మేకులు తీశారు. ఒకటి దారం కట్టి కిటికీకి వేలాడదీశారు, ఒకటి లోపలి గది బీరువాలో పెట్టారు. పదో రోజున రెండూ తెచ్చి గణపతిరావు అరచేతిలో పెట్టారు. బీరువాలోది తళతళలాడుతోంది. కిటికీది తుప్పుపట్టి ఎర్రగా పొడి రాలుతోంది. గణపతిరావు చెయ్యి లుంగీకి తుడుచుకుని, బల్ల లోపలి గదిలోకి మోయించాడు.

భారతికి తల ప్రాణం తోకకొచ్చిన రోజు ఇంకోటుంది. అంతా బిగించాక పరీక్ష చేద్దామన్నారు జగన్నాధం గారు. పది బోట్ల పేర్లు ఎక్కించమన్నారు. ఒక్కోటీ ఎక్కిస్తోంది, భద్రపరిచాను అని మిషను చెబుతోంది. పదోది చెప్పీ చెప్పగానే ఆయన వంగి రెండు చేతుల్తో రెండు వైర్లూ ఒక్కసారే పీకేశారు. కొత్త మిషను గుడ్లు తేలేసింది. గణపతిరావు గుండె పట్టుకున్నాడు.

మళ్లీ వైర్లు పెట్టి, లేపి, లెక్క చూడమన్నారు. ఏడు బోట్లే ఉన్నాయి.

"ఈ డిస్కులు అబద్ధాలకోరువి," అన్నారు ఆయన. "రాయకముందే రాసీసినానని సెప్తన్నాయి."

భారతి తెర వైపే చూస్తోంది. కనపడకుండా పోయిన మూడింట్లో ఒకటి తన తండ్రి బోటు. అది ఉత్త పేరేనని తెలుసు, జోగయ్య ఆ సమయానికి ఇంట్లో వల అల్లుకుంటున్నాడనీ తెలుసు. అయినా చెమట కారుతున్నా తుడుచుకోకుండా ఆ పేరు కోసం మళ్లీ పైనుంచి కిందికి వెతికింది. జగన్నాధం గారు ఆమె ముఖం చూసి, తువ్వాలు తీసిచ్చారు.

"ఇక్కడ మునిగితే పర్లేదమ్మా. అందుకే ఇక్కడే ముంచుతన్నాను."

ఆ మాటతో భారతి మనసులో తిట్టుకోవడం మానేసింది. ఆ డిస్కులు వెనక్కిచ్చేసి, కరెంటు పోయినా చేతిలో ఉన్నది పూర్తిగా రాసి గాని ఆగని రకం తెచ్చారు, మళ్లీ రెండూళ్లలో, మళ్లీ రెండు షాపుల్లో. ఈసారి ఇరవై రెండుసార్లు వైర్లు పీకారు. పదకొండుసార్లు ఆయన, పదకొండుసార్లు భారతి. ఒక్క బోటు కూడా మునగలేదు.

ఇక మిగిలింది రెండో సర్వరు. మంజూరైంది ఒక్కటే, దానికెవరూ చేసేది లేదు. ఈ ఇల్లే కూలిపోతే అన్నారు జగన్నాధం గారు. గణపతిరావు శుభమా అని ఇల్లు కూలిపోవడమేమిటని విసుక్కున్నాడు. తమ ఇంట్లో రెండో కంప్యూటరు ఖాళీగా పడుందని, పది నిమిషాలకోసారి ఇక్కడి లెక్కంతా టెక్కలిలో దాంట్లోకి చేరేలా ఏర్పాటు చేస్తానని ఆయన అన్నారు. ఈయన దగ్గర రెండోది లేని వస్తువేదైనా ఉందా అని భారతి నవ్వుకుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె ఎదురుతిరిగింది. ప్రతి మనిషికీ రెండు ఫోను నంబర్లుంటే తప్ప పేరు ఎక్కకూడదన్నారు ఆయన. ఇంటికొక ఫోనుంటేనే గొప్ప, రెండోది ఎక్కడ తెస్తారు సార్ అంది. ఆఖరికి రాజీ పడ్డారు. రెండో నంబరుకి గడి ఉంటుంది, లేనివాళ్లది ఖాళీగా వదిలేయొచ్చు. తండ్రి పేరు పక్కన ఆ గడి భారతి తన చేత్తోనే ఖాళీగా వదిలింది. తనకి ఉన్న ఫోనే బరువని జోగయ్య ఎప్పుడో చెప్పేశాడు.

జూన్ పదిహేనున రిబ్బను కత్తిరించారు, బోట్లు కదిలాయి. సాయంత్రానికి నలభై ఒక్క బోట్లు సముద్రంలో ఉన్నాయంది మిషను. తన పుస్తకం ప్రకారం ముప్పై తొమ్మిదే అన్నాడు గణపతిరావు, పుస్తకం వదల్లేక ఇంకా రాస్తూనే ఉన్నాడు. అందరూ జగన్నాధం గారి జేబులో ఉన్న మూడో గడియారం వైపు చూశారు. ఆయన జగ్గమ్మని పిలవమన్నారు. జగ్గమ్మకో అలవాటుంది. బోటు వెళ్తే ఒక చింతపిక్క డబ్బాలో వేస్తుంది, తిరిగొస్తే ఒకటి తీసేస్తుంది. కొడుకు మొదటిసారి వేటకెళ్లిన రోజునుంచీ ఇంతే. ఆవిడ డబ్బా బోర్లించింది. నలభై ఒక్క పిక్కలు. ఆ రోజుతో గణపతిరావు పుస్తకం మూసేశాడు. ఆ రోజునుంచి జగన్నాధం గారు రోజూ ఫోనుచేసి, మిషను లెక్కతో పాటు జగ్గమ్మ డబ్బా లెక్క కూడా కనుక్కునేవారు. దసరా వెళ్లాక ఎందుకో గాని, ఆయన నంబరుకి చేస్తే ధనలక్ష్మి గారే ఎత్తి ఆయనకి ఇవ్వడం మొదలైంది.

కార్తీకంలో తుపాను రానే వచ్చింది. రెండు రోజుల ముందే హెచ్చరిక అందింది. మిషన్లో చూస్తే నలభై ఆరు బోట్లు బయట ఉన్నాయి. భారతి తిండి మానేసి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. ఒక్కో బోటూ వచ్చి ఒడ్డెక్కుతుంటే జగ్గమ్మ ఒక్కో పిక్కా తీసేసింది. నలభై అయిదు వచ్చాయి. జోగయ్య బోటు రాలేదు.

తుపాను తీరం దాటే రోజు పొద్దున్నే, నడిచిన ఆఖరి బస్సులో జగన్నాధం గారు దిగారు. ఎందుకొచ్చారు సార్ ఈ గాలిలో అంటే, నువ్వొక్కదానివే ఉన్నావు కదా అన్నారు. పదకొండు గంటలకి ఆఫీసు పైకప్పు రేకులు లేవడం మొదలుపెట్టాయి. ఆయన సర్వరు ఆపి, డిస్కులు రెండూ బయటికి లాగి, పాలిథిన్ కవర్లలో చుట్టారు. ఒకటి భారతికిచ్చి ఒకటి తన చొక్కా లోపల పెట్టుకున్నారు. చెరొకటి ఎందుకని అడిగింది.

"ఒకరం పోతే?"

అంత గాలిలోనూ భారతికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే రేకు ఒకటి ఎగిరి రేవులో పడింది. ఇద్దరూ తుపాను షెల్టరు వైపు పరిగెత్తారు.

షెల్టర్లో ఊరంతా ఉంది. జగ్గమ్మ ఒక మూల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊపితే ఒక్క పిక్కే లొడలొడలాడుతోంది. జోగయ్య ఫోను నిన్నటినుంచీ స్విచాఫ్. బోట్లో ఇంకో నలుగురున్నారు, నిన్న ఆఫీసు ఫోనులోంచి చేస్తే వాళ్లూ పలకలేదు. మళ్లీ చేద్దామంటే వాళ్ల నంబర్లు డిస్కుల్లో ఉన్నాయి. ఆ డిస్కులేమో ఇద్దరి దగ్గరా చెరొకటి ఉన్నాయి, వాటిని నడిపే మిషను వానలో ఉంది. జగన్నాధం గారు భారతి ఫోను అడిగి తీసుకుని టెక్కలికి కలిపారు. సిగ్నలు ఒక గీత ఉంది. ధనలక్ష్మి గారు బ్యాటరీ మీద కంప్యూటరు పెట్టుకుని, కళ్లజోడు వెతుక్కుని, నిదానంగా అంకెలు చదివారు. భారతి అరచేతి మీద రాసుకుంది. నాలుగింటికీ చేసింది. ఒక్కటీ మోగలేదు.

జగ్గమ్మ మనవరాలి ముఖమే చూస్తోంది.

భారతి మళ్లీ టెక్కలికే చేసింది. ఇంకేమైనా ఉందా అమ్మగారూ అని అడగబోయింది. ధనలక్ష్మి గారే అందుకున్నారు.

"అమ్మా, జోగయ్య పేరు పక్కన ఇంకో నంబరున్నాది. రెండో నంబరు గడిలో."

"అది ఖాళీ అమ్మగారూ. నేనే ఒగ్గీసినాను."

"ఖాళీ ఏటి, కళ్లెదురుగా కనిపిస్తంటే. రాసుకో."

భారతి జగన్నాధం గారి వైపు చూసింది. ఆయన గోడ మీద తుపాను జాగ్రత్తల బోర్డు చాలా శ్రద్ధగా చదువుతున్నారు. నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. అయిదోసారికి ఎవరో ఎత్తారు.

"ఎవులు?"

"నాన్నా," అంది భారతి.

గోపాలపూర్ రేవులో ఉన్నారట. నిన్న సాయంత్రమే అయిదుగురూ క్షేమంగా ఒడ్డెక్కారట, అక్కడెవరో అన్నం కూడా పెట్టారట. మరి ఒక్క ఫోనైనా చెయ్యకూడదా అని భారతి ఏడుస్తూనే కోప్పడింది.

"ఏటి సేస్తానే? అందరి ఫోన్లూ తడిసి సచ్చిపోనాయి. నంబర్లన్నీ ఆటితోనే పోనాయి, నోటికి ఒక్కటీ రాదు. మనోడొకడు ఓ నంబరు గురుతున్నాదని కొడితే బరంపురంలో ఎవులో శెట్టికి తగిలినాది. ఇది జగన్నాధం బాబిచ్చిన ఫోను. రెండు కవర్లు సుట్టి నడుముకి కట్టుకోమన్నాడు. దీన్లో పచ్చ బొత్తామొక్కటే తెలుసు నాకు."

ఫోను చెవికి ఆనించుకుని కొడుకు గొంతు వింది జగ్గమ్మ. ఆ తర్వాత డబ్బా మూత తీసి, ఆఖరి పిక్క తీసి, జగన్నాధం గారి చేతిలో పెట్టింది.

"ఒకటే ఉన్నాది బాబూ. రెండోది లేదు."

ఆయన దాన్ని మూడో గడియారం ఉండే జేబులో జాగ్రత్తగా వేసుకున్నారు. అప్పుడు చూసింది భారతి, పెద్దాయన నిలువెల్లా తడిసి వణుకుతున్నారు. పొద్దున బస్సు దిగినప్పుడు చేతిలో రెండు రెయిన్‌కోట్లున్నాయి కదా అని చుట్టూ చూసింది. షెల్టరు తలుపు దగ్గర ఇద్దరు బాలింతలు చెరొకటీ కప్పుకుని కూర్చున్నారు.

తుపాను పోయిన పది రోజులకి, కొత్త రేకులు వేసి సర్వరు లేపాక, టెక్కలి కాపీలో ఉన్న లెక్కతో సరిచూసుకోవాలని భారతి మొదటిసారి ఆయన ఇంటికెళ్లింది. ఆ ఇల్లొక గోడౌనులా ఉంటుందని ఊహించుకుంది. రెండు ఫ్రిజ్జులు, రెండు టీవీలు, అడుగు పెట్టడానికి చోటుండదనుకుంది. తీరా చూస్తే ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక మంచం. కాఫీ గ్లాసులు రెండే ఉన్నాయి. అవి భారతికీ ఆయనకీ ఇచ్చి, ధనలక్ష్మి గారు చెంబులో తాగారు.

ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు భారతి వంటింట్లోకెళ్లి, రెండోవన్నీ ఎక్కడ దాచారని నెమ్మదిగా అడిగింది.

"రెండోది ఇంట్లో ఉంటే కదమ్మా," అన్నారు ధనలక్ష్మి గారు. రెండో మిక్సీ పక్కింటివాళ్ల దగ్గరుందట. రెండో ఫ్యాను అంగన్వాడీలో తిరుగుతోందట. రెండో కుర్చీ వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయనదయిపోయిందట. ఒకటి పోతే అని కొంటారు, ఎవరిదో పోయిందని వినగానే ఇచ్చేస్తారు. "ఊరికే ఇస్తే తీసుకునేవాళ్లు మొగమాటపడతారు కదా. ఇంకోటున్నాదంటే ఎవులూ కాదనరు. అదీ ఈయన కిటుకు."

ఈ కంప్యూటరు మాత్రం ఖాళీగా ఉన్నదే కదా అంది భారతి.

"ఖాళీయేటి నా బొంద. ఉన్నది అదొక్కటే. విజయనగరంలో మా అమ్మాయితో రోజూ దాంట్లోనే మాటాడేవాళ్లం. బోట్ల లెక్క ఎక్కిన కాడినుంచి నన్ను ముట్టుకోనివ్వడు. ఫోనూ అంతే. మీ నాన్నకిచ్చినది ఆయనదే, కొత్త సిమ్ము ఏసి ఇచ్చీసినాడు. ఆయన సిమ్ము నా ఫోన్లో పెట్టుకున్నాం, ఇద్దరికీ అదే." ఆవిడ గొంతులో ఫిర్యాదు ఉంది గాని, ముఖంలో మాత్రం లేదు.

భారతి ముందు గదిలోకొచ్చి నిలబడింది. ఆయన ఎడమ చేతికి గడియారం ఉంది, కుడి చేయి బోసిగా ఉంది. రెండో గడియారమేదని అడిగింది. రిపేరుకిచ్చానమ్మా అన్నారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా. వంటింట్లో ధనలక్ష్మి గారు పెద్దగా నవ్వారు.

ఆయన టెక్కలిలోనే ఎక్కించిన జోగయ్య రెండో నంబరు తప్ప, లెక్కలు అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. భారతి బయల్దేరేసరికి వాన తెరిపిచ్చింది గాని, ఆకాశం నల్లగానే ఉంది. బస్టాండు దాకా దిగబెడతానని ఆయన గొడుగు కోసం తలుపు వెనక వెతికారు, మంచం కింద వెతికారు. ఆ ఇంట్లో గొడుగు లేదని భారతికి అప్పటికే తెలుసు. తన చేతిలోది ఆయన చేతిలో పెట్టింది. మే నెల ఎండలో ఆయనిచ్చినదే అది.

"ఉంచుకోండి సార్. నా దగ్గర ఇంకోటున్నాది."

ఆయన గొడుగు వంకా, ఆమె భుజానున్న చిన్న సంచి వంకా చూశారు.

"ఏదీ, సూపించు."

"సంచిలో ఉన్నాది సార్," అంది భారతి సంచి తడుతూ.

ఆ సంచిలో దువ్వెన తప్ప ఇంకేం పట్టదని ఎవరికైనా తెలుస్తుంది. ఎన్నేళ్లుగానో తాను చెబుతున్న అబద్ధాన్ని మొట్టమొదటిసారి ఇంకొకరి నోట వింటున్నారు ఆయన. రెండు కళ్లజోళ్లూ తీసి తుడుచుకున్నారు. జాగ్రత్తగా వెళ్లమ్మా అన్నారు, ఇంకేమీ అడగలేదు.

సందు మలుపు దాకా భారతి నిదానంగా నడిచింది. ఆయన కంటికి కనపడనంత దూరం వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆ చిన్న సంచే నెత్తిన పెట్టుకుని, నవ్వుకుంటూ, బస్టాండు వైపు పరుగందుకుంది.